ఎర్ర సున్నా చుట్టిన ఖాతాలు

బ్యాంకులో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా మా ఇంటికి వస్తే ఒకటే ప్రశ్న అడుగుతారు. ఆ రోజుల్లో కంప్యూటర్లు లేకుండా ఎలా చేసేవారండీ అని. కూర్చుని చేసేవాళ్ళం అంటాను. అసలు అడగవలసింది అది కాదు, కంప్యూటర్లు వచ్చాక ఎలా చేశారని అడగాలి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు కాబట్టి, ఎవరూ అడగకుండానే చెబుతున్నాను.

మాది రాజోలుకి అవతల, వశిష్ఠ గట్టుకి దగ్గర్లో ఉన్న చిన్న శాఖ. మొదటి కంప్యూటరు తొంభైల్లో వచ్చింది. దానికోసం ఒక అద్దాల గది కట్టించి, శాఖ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ఏసీని దానికి పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. మేనేజరు గారికి కావలసిన ఖాతాదారులు మే నెలలో దాన్ని చూడ్డానికి వచ్చేవారు. చూసి, చల్లబడి, వెళ్ళేవారు. పగలంతా మేం లెడ్జర్లలో చేత్తో రాసినదాన్ని సాయంత్రం మళ్ళీ అందులో కొట్టేవాళ్ళం. పని తగ్గించడానికి వచ్చిన యంత్రం దాన్ని సరిగ్గా రెట్టింపు చేసింది. దీన్ని ఆధునికీకరణ అన్నారు. మేమూ అలాగే అన్నాం.

అసలు తిరకాసు రెండు వేల తర్వాత వచ్చింది. దేశంలో ఉన్న మా శాఖలన్నీ ఎక్కడో బొంబాయిలో ఉన్న ఒకే పెద్ద యంత్రానికి తగిలిస్తారట. ఇక లెడ్జర్లు ఉండవట. రాజోలులో ఖాతా ఉన్నవాడు ఢిల్లీలో డబ్బు తీసుకోవచ్చట. మా ఖాతాదారుల్లో ఢిల్లీలో డబ్బు తీసుకోవలసిన అవసరం ఎవరికుందో మాకు ఎంత ఆలోచించినా తట్టలేదు. రాజోలులో తీసుకోవడమే వాళ్ళకి కష్టంగా ఉండేది.

ఎందుకు కష్టమో చెప్పాలి. మా ఖాతాదారుల్లో ఒక నలభై, నలభై అయిదు మంది లంకవాళ్ళు. అంటే గోదావరి మధ్యలో ఉన్న లంకలో కాపురముండేవాళ్ళు. పొద్దున్న ఒక పడవ, మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒకటి, సాయంత్రం అయిదింటికి ఆఖరిది. పొద్దుటి పడవలో వచ్చి బ్యాంకు పని చూసుకుని, పన్నెండున్నర పడవకి వెళ్ళిపోతే పొలంలో సగం రోజు పని దక్కుతుంది. ఆ పడవ తప్పితే రోజు పోయినట్టే. ఒకసారి మా వల్లే పడవ తప్పిన పెద్దాయన ఒకాయన సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, లోపలికీ బయటికీ తిరిగే మా అందరి వంకా ఏమీ అనకుండా చూశాడు. తిట్టినా బాగుండేది. మర్నాడు నేను లెడ్జర్లు ముందు పెట్టుకుని, లంకవాళ్ళ పేజీలన్నిటికీ పైన ఎర్ర సిరాతో ఒక సున్నా చుట్టాను. సున్నా ఉంటే ఆ మనిషిని ముందు పంపించాలి. ఏ సర్క్యులర్లోనూ లేదు. మేనేజర్లు మారారు, క్యాషియర్లు మారారు, సున్నా మాత్రం పదిహేనేళ్ళు నడిచింది. లైనులో నించున్న రైతులు కూడా "ముందు ఆళ్ళని పంపండి, పడవెళ్ళిపోద్ది" అని వాళ్ళే జరిగేవారు. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని అదొక్కటే కావచ్చు. అందుకే దాన్ని నేనే పాడుచేసే అవకాశం కూడా నాకే దక్కింది.

లెడ్జర్లలో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించడానికి కాకినాడ నుంచి ఒక కాంట్రాక్టు కంపెనీ మనుషులు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, మహా నిదానంగా, శ్రద్ధగా పనిచేసేది. అర్థం కానిది ఏదున్నా వచ్చి అడిగేది. మొత్తం బృందంలో అడిగి రాసే మనిషి ఆవిడొక్కతే. ఆవిడ ఒకరోజు లెడ్జరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. నేను అప్పుడు మేనేజరు తర్వాత మనిషిని. రెండు గంటలుగా కూడిన అంకె మూడోసారి కూడా వేరేగా వచ్చి ఉంది.

"సార్, ఈ ఎర్ర సున్నా ఏంటండీ? ఫారంలో ప్రత్యేక సూచనలని ఒక గడి ఉందండి. అందులో ఏం రాయమంటారు?" అంది.

నేను తలెత్తకుండా, "వాళ్ళు చాలా ప్రమాదకరమైన మనుషులమ్మా. మేనేజరు గారిని అడక్కుండా కదిలించకండి" అన్నాను.

అంటే పదిహేనేళ్ళుగా వాళ్ళకి మేమందరం భయపడి దారి ఇస్తున్నామని నా చమత్కారం. ఆవిడ నవ్వలేదు. నేనూ పట్టించుకోలేదు. మా శాఖలో నా హాస్యానికి అలవాటైన ఆదరణ అదే. "ఆయ్, సరేనండి" అని వెళ్ళి, నలభై పైచిలుకు ఖాతాల ఫారాల్లో ఆ మాటే ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా రాసింది.

ఆ తర్వాత ఎక్కించిందంతా అచ్చు తీసి, సరిచూసి సంతకాలు పెట్టమని నాకు ఇచ్చారు. నాలుగు కట్టల కాగితాలు. మొదటి పేజీ అక్షరం అక్షరం చదివాను. రెండోది చదివాను. మూడోది చూశాను. ఆ పైన సంతకాలే పెట్టాను. మీలో ఎవరైనా ఇలాంటి కట్టలు పూర్తిగా చదివి సంతకం పెట్టినవారుంటే, మీకు నా నమస్కారాలు. ఈ వ్యాసం మీకు అనవసరం.

కొత్త యంత్రం మొదలయ్యే ముందు మూడు రోజులు శాఖ మూసేశాం. తెరిచిన సోమవారం నాటికి జనం మెట్ల దాకా ఉన్నారు. ముందుగా అందరి ఖాతా నెంబర్లూ మారిపోయాయి. ఇదివరకు మూడంకెలు, నాలుగంకెలు. ఇప్పుడు పేజీకి ఈ చివర మొదలుపెడితే ఆ చివరికి వచ్చేంత పొడుగు. ఒక రైతుగారు పాస్ బుక్కు కిటికీలో పెట్టి, "మా నాన్నగారు నాకు ఎకరన్నర చేలూ, ఈ నెంబరూ ఇచ్చిపోయేరండి. చేలకి నెంబరు మార్చలేదు కదా, దీనికెందుకు మార్చేరండీ?" అని అడిగాడు. సమాధానం బొంబాయిలో ఉంటుందని చెప్పాను.

రెండో సంగతి లింకు. మేడ మీద ఒక పెద్ద పళ్ళెంలాంటిది బిగించారు. అది ఆకాశంతో మాట్లాడితేనే మా కంప్యూటర్లు బొంబాయితో మాట్లాడతాయి. బిగించిన ఇంజనీరు ఎండలో త్వరత్వరగా బిగించి వెళ్ళిపోయాడు. పక్క దొడ్లో కొబ్బరిచెట్టు మట్ట ఒకటి గాలి వీస్తే సరిగ్గా ఆ పళ్ళానికి అడ్డంగా వచ్చి పడుతుందని ఆయన వెళ్ళాక తెలిసింది. గాలి లేకపోతే బ్యాంకు ఉంది. గాలి వస్తే బ్యాంకు లేదు. కోనసీమలో గాలి లేని రోజులు ఎన్నో మీకే తెలుసు. మా మేనేజరు వెళ్ళి ఆ మట్ట కొట్టించుకుంటామని దొడ్డిగలాయన్ని అడిగారు. ఆయన మర్యాదగా కుర్చీ వేసి, బొండం కొట్టి ఇచ్చి, "మా చెట్టు కాపు కాస్తందండి. మీ పళ్ళెం ఏం కాస్తదండి?" అన్నాడట. మేనేజరు బొండం తాగి వచ్చేశారు.

ఆ సోమవారం పదకొండింటికి లంక నుంచి ఒకావిడ వచ్చింది. నాకు బాగా తెలిసిన మనిషే. భర్త లేడు. అరెకరం కూడా లేని నాలుగు కుంచాల చేలో అరటి వేసుకుని, కొబ్బరి పీచు తాళ్ళు పేనుకుంటూ కూతుర్ని ఇంటరు దాకా చదివించింది. ఆ పిల్ల కూడా వెంట వచ్చింది, చేతిలో సర్టిఫికెట్ల ఫైలుతో. విశాఖపట్నంలో ఒక ఆస్పత్రి వారి నర్సింగు స్కూల్లో సీటు వచ్చిందట. మర్నాడు పొద్దున్న పదింటికల్లా ఫీజుకి డి.డి. తీసుకెళ్ళి కట్టాలి. కట్టకపోతే సీటు జాబితాలో తర్వాత పిల్లకి వెళ్ళిపోతుంది. డబ్బంతా ఆవిడ ఖాతాలోనే ఉంది. ఇప్పుడు డి.డి. తీసుకుని పన్నెండున్నర పడవలో ఇంటికెళ్ళి, పెట్టె సర్దుకుని, మూడింటికి లంక నుంచి ఇటొచ్చే పడవలో తిరిగొచ్చి, నాలుగింటి రాజమండ్రి బస్సెక్కి అక్కణ్ణించి రైల్లో వెళ్ళాలని లెక్క వేసుకుని వచ్చారు. లైనులో వాళ్ళు ఎప్పటిలాగే జరిగారు. ఆవిడ ఫారం కిటికీలో పెట్టింది.

నేను ఆ పొడుగాటి నెంబరు కొట్టాను. తెర మీద ఎర్రటి పెట్టె ఒకటి వచ్చింది. ఖాతా నిలిపివేయబడింది, హై రిస్క్ అని ఇంగ్లీషులో. కొత్త యంత్రం కదా, ఇలాగే ఉంటుందమ్మా, ఒక్క నిమిషం కూర్చోండి అన్నాను. ఆవిడ వెనకాల లంక పెద్దాయన వచ్చాడు. ఆయనకీ ఎర్ర పెట్టే. మరొకాయనకీ అదే. నాలుగోసారి ఆ పెట్టె వచ్చేసరికి నా మాటలు నా గొంతుతోనే నాకు వినిపించాయి. ప్రమాదకరమైన మనుషులమ్మా, కదిలించకండి.

కొత్త కౌంటర్లకి అద్దాలు పెట్టి కంప్యూటరు తెరలు బయటికి కనబడేలా వాలుగా బిగించారు. ఆ పిల్ల కిటికీ పక్కన నించుని తెర మీదిది చదువుతోంది.

"హై రిస్కంటే, మేమేం చేసేమండీ?" అని అడిగింది.

నేను మేనేజరు గదిలోకి వెళ్ళాను. ఆయన విజయవాడ వైపు నుంచి ప్రమోషను మీద వచ్చినాయన. ఏ ఎండలోనైనా టై కట్టుకునేవారు. నేనన్న మాట ఫారాల్లోకెక్కి, యంత్రం దాన్ని హై రిస్కుగా తీసుకుని ఖాతాలు ఆపేసిందని చెప్పాను. ఆయన, ఎర్ర పెట్టె తీసే అధికారం తనకు లేదన్నారు. బొంబాయి సహాయ కేంద్రానికి ఫోను చేశాం. అరగంట సంగీతం విన్నాక ఒకాయన హిందీలో ఫిర్యాదు నమోదయిందని చెప్పి, ఒక నెంబరు ఇచ్చాడు. మా కొత్త ఖాతా నెంబర్లు దాని పక్కన పసిపిల్లలు. ఎన్నాళ్ళు పడుతుందంటే, క్రమంలో వస్తుందన్నాడు. కాకినాడ ప్రాంతీయ కార్యాలయానికి చేశాం. వాళ్ళు తీయగలరు. అయితే ఖాతా ప్రమాదకరమని ఎవరు, ఎందుకు రాశారో కాగితం మీద పంపాలన్నారు.

పన్నెండున్నర పడవ వెళ్ళిపోయింది. తల్లీకూతుళ్ళు గోడ పక్క బల్ల మీదే కూర్చుని ఉన్నారు.

మా హెడ్ క్యాషియరు మంచివాడు. మనందరం తలాకొంచెం వేసి డి.డి. తీసేద్దాం, ఖాతా తెరిచాక తీసుకుందాం అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడతో చెప్పాను. ఆవిడ లేచి నించుని, "నా డబ్బులు ఇక్కడుండగా మీ డబ్బులెందుకండీ?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. క్యాషియరు తీసిన పర్సు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. 

మేనేజరు నన్ను పిలిచి తలుపు దగ్గరగా వేశారు. "ఇదిగోండి, ఎక్కించిన కంపెనీ వాళ్ళ పొరపాటని రాసేద్దాం. మీకూ గొడవుండదు, నాకూ ఉండదు" అన్నారు. అప్పుడు ఆ ఫారాలు రాసినావిణ్ణి కంపెనీలో ఉంచుతారా అని అడిగాను. ఆయన టై సర్దుకున్నారు.

మీరు నన్ను మంచివాడనుకునే ప్రమాదం ఇక్కడ ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. నేను వెంటనే వద్దనలేదు. ఆలోచించాను. ఈలోగా మేనేజరే కాకినాడకి ఫోను చేసి, కంపెనీ తప్పయితే ఏం చెయ్యాలని అడిగారు. కంపెనీకి నోటీసు, వాళ్ళ జవాబు, దాని మీద మా నివేదిక, మొత్తం కనీసం మూడు రోజులు. అదే శాఖలోని అధికారి తప్పయితే? అధికారి సంతకంతో ఒక్క ఫాక్సు చాలట. మర్నాడు పదింటికి సీటు పోతుంది. నిజాయితీ ఆ రోజు దగ్గరి దారి. అంతే.

కాగితం తీసుకుని ఇంగ్లీషులో రాశాను. ఎక్కించే సిబ్బంది అడిగిన ప్రశ్నకి నేను హాస్యానికి ఇచ్చిన సమాధానం యథాతథంగా నమోదయింది, నేను చదవకుండా సంతకం పెట్టాను, తప్పు నాదే. ఫాక్సు పంపిన పావుగంటకి కాకినాడ నుంచి ప్రాంతీయ అధికారి ఫోను.

"హాస్యమంటే ఏంటండీ? ఏ సర్క్యులర్ ప్రకారం?"

"సర్క్యులర్ లేదు సార్. ఊరికే అన్నాను."

"నలభై ఖాతాలున్నాయి ఇక్కడ. ఎన్నిసార్లు అన్నారు?"

"ఒక్కసారే సార్. ఖాతాలే నలభై."

 నర్సింగు సీటు సంగతి చెబితే, ఈవేళ ఆ ఒక్క ఖాతా తీస్తానని, మిగతావాటికి జాబితా తయారుచేసి పంపమని ఫోను పెట్టేశారు. మిగతా లంకవాళ్ళు ఆ రోజు ఉత్త చేతులతో వెళ్ళారు. వాళ్ళ ఖాతాలు తెరుచుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ వాళ్ళు నన్నేమీ అనలేదు. లంకవాళ్ళకి ఆ అలవాటు లేదని వరండాలో కూర్చున్న పెద్దాయన సంగతిలోనే చెప్పాను.

మూడున్నరకి ఎర్ర పెట్టె పోయింది. నేను డి.డి. వివరాలు కొట్టడం మొదలుపెట్టాను. మూడు నలభైకి గాలి లేచింది.

తెరలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. రాజమండ్రి బస్సు నాలుగింటికి. బట్టల పెట్టె కోసం ఇంటికి వెళ్ళే వేళ ఎలాగూ దాటిపోయింది. పిల్ల ఉన్నపళాన ఫైలుతోనే వెళ్ళిపోతానంది. బస్సు కాసేపు ఆపమని అటెండరుని స్టాండుకి పంపించాం. క్యాషియరు నగదు వదిలి కదలకూడదు. నేను కంప్యూటరు వదిలి కదలకూడదు. ఇంక మిగిలింది మేనేజరు గారొక్కరే. ఆయన పక్క దొడ్లోకి వెళ్ళి కాయలు కోసే దోటి అడిగి తెచ్చుకుని మేడ ఎక్కారు. కాసేపటికి పైనుంచి, "వచ్చిందా?" అని వినిపించింది. రాలేదండీ అన్నాం. "ఇప్పుడూ?" ఇంకొంచెం తూర్పుకి నొక్కమన్నాం. తెర కదిలింది. "అలాగే పట్టుకోండి సార్" అని క్యాషియరు కిటికీలోంచి అరిచాడు. మేడ మీద ఒక బ్యాంకు మేనేజరు టై భుజం మీదికి ఎగిరి పడుతుండగా దోటితో కొబ్బరి మట్టని వెనక్కి నెట్టి పట్టుకున్నంతసేపు భారతదేశపు అత్యాధునిక బ్యాంకింగు వ్యవస్థ పనిచేసింది. డి.డి. అచ్చయింది. దొడ్డిగలాయన కింద నించుని, మట్ట విరగకుండా చూడండి సారూ అంటున్నాడు.

డి.డి. మీద నేనూ, కిందికి దిగొచ్చిన మేనేజరూ సంతకాలు పెట్టాం. ఆయన చేతికి పీచు అంటుకుని ఉంది. పిల్ల దాన్ని రెండుసార్లు చదివి, ఫైల్లో పెట్టుకుని, తల్లి మెడ చుట్టూ చెయ్యేసి ఏదో చెప్పి, మెట్లు దిగి పరుగెత్తింది. బస్సు ఆగి ఉంది. అటెండరు దాని ముందు నించుని ఉన్నాడట.

తల్లి వెళ్ళలేదు. అయిదింటి పడవకి ఇంకా టైముంది. కిటికీ దగ్గరికి వచ్చి, "ఇంతకీ మా ఖాతాకి ఏమయ్యిందండీ?" అని అడిగింది.

యంత్రం మీద పెట్టెయ్యొచ్చు. ఆ రోజుల్లో యంత్రం మీద ఏది పెట్టినా ఎవరూ కాదనేవారు కాదు. కానీ అదే తప్పుని అప్పటికే ఇంగ్లీషులో రాసి కాకినాడకి పంపించి ఉన్నాను. అక్కడివాళ్ళకి తెలిసింది ఈవిడకి చెప్పకపోవడం బాగుండదనిపించింది. నేనొక మాట ఎగతాళికి అన్నానమ్మా, అది నిజమనుకుని రాసేశారు అన్నాను.

"మా మీదాండీ?" అంది.

మీ మీదని కాదమ్మా, ఊరికే, అంటే పడవ సంగతి, అని మొదలుపెట్టి, సగంలో ఆపి, "అవునమ్మా" అన్నాను.

ఆవిడ తలూపి, గొడుగు తీసుకుని, రేవు వైపు వెళ్ళింది.

తర్వాత నాకు మెమో వచ్చింది. అధికారిక విషయాల్లో హాస్యం పనికిరాదని, ఇంక్రిమెంటు ఆరు నెలలు వెనక్కి జరిపారని. నా హాస్యాన్ని మా బ్యాంకు లిఖితపూర్వకంగా గుర్తించిన సందర్భం అదొక్కటే. కాకినాడ కంపెనీ ఆవిడ ఉద్యోగానికి ఏమీ కాలేదు. నేను ఫోను చేసి క్షమించమంటే, "అయ్యో, జోకని అప్పుడే చెప్తే నవ్వేదాన్ని కదండీ" అంది. మర్యాదస్తురాలు.

రెండు వారాల తర్వాత లంక ఆవిడ పాస్ బుక్కు అచ్చు వేయించుకోవడానికి వచ్చింది. లైనులో నించుంది. ముందున్నవాళ్ళు జరిగితే, పర్లేదండి, తొందర్లేదండి అని అక్కడే ఉండిపోయింది. నేను కిటికీలోంచి పిలిచినా రాలేదు. తన వంతు వచ్చాక పుస్తకం ఇచ్చింది. అమ్మాయి చేరిందా అని అడిగాను.

"ఆయ్, చేరిందండి. పెట్టె నేనే అట్టుకెళ్ళి ఇచ్చొచ్చేనండి. వారం రోజులు పక్క పిల్ల బట్టలు కట్టుకుందంట." పుస్తకం వైపు చూస్తూ ఆగింది. "మీరన్న మాట దానికి చెప్పేనండి. నవ్విందండి."

నా మనసు తేలికపడింది. హమ్మయ్య అన్నాను.

"దానికి నవ్వొచ్చిందండి" అంది ఆవిడ. "నాకింకా రాలేదండి."

పుస్తకం అచ్చు వేసి ఇచ్చాను.